ఇద్దరు డాక్టర్లు రెండు పేర్లు చెప్పారు, ఎవరి మాట నమ్మాలి?

ప్రశ్న: మేము దిల్‌సుఖ్‌నగర్‌లో ఉంటాము. నా తమ్ముడికి 25 ఏళ్లు. మాదాపూర్‌లోని ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో రాత్రి షిఫ్టులో పనిచేస్తున్నాడు. నిరుడు వర్షాకాలంలో ఎవరితోనూ మాట్లాడకుండా, రోజంతా పడుకునే ఉండి, ఆఫీసుకు వెళ్లడం కూడా మానేశాడు. మానసిక వైద్యుడికి చూపిస్తే డిప్రెషన్ అని మందులు రాశారు. నెలన్నర తిరిగేసరికి మనిషి పూర్తిగా మారిపోయాడు. రాత్రంతా మేలుకొని అందరికీ ఫోన్లు చేయడం, సొంత కంపెనీ పెడతానని క్రెడిట్ కార్డు మీద లక్షల్లో ఖర్చు పెట్టడం, అడ్డు చెబితే నాన్నగారి మీదికే వెళ్లడం మొదలైంది. మరో డాక్టరు చూసి, కుంగుబాటు, ఉద్రేకం మార్చి మార్చి వచ్చే బైపోలార్ డిజార్డర్ అన్నారు. మొదటి మందు ఆపించి లిథియం మొదలుపెట్టారు. నాలుగు నెలలుగా బాగానే ఉన్నాడు. ‘ఇద్దరు డాక్టర్లు రెండు జబ్బులు చెప్పారు, ఒక్క స్కానింగ్ కూడా తీయలేదు, ఇదంతా ఊహే. పిల్లవాడు బాగున్నాడు కదా, మందులు ఆపేద్దాం’ అని నాన్నగారు అంటున్నారు. పెళ్లి చేస్తే కుదురుకుంటాడని మేనత్త సంబంధాలు చూస్తోంది. ఏ డాక్టరు చెప్పింది నిజం? జీవితాంతం మందులు వాడాలా?
– ఒక అక్క, హైదరాబాద్

సమాధానం: అన్నిటికన్నా ముందు ఒక మాట. వైద్యం చేస్తున్న డాక్టరుతో మాట్లాడకుండా లిథియం ఆపకండి. మీ నాన్నగారి సందేహాలు న్యాయమైనవే, వాటికి కింద వివరంగా సమాధానం చెబుతాను. కానీ అవి తీరేదాకా మందు సాగుతూనే ఉండాలి, ఎందుకంటే బాగున్న మనిషి లిథియంను ఉన్నట్టుండి మానేస్తే తర్వాతి కొద్ది నెలల్లోనే జబ్బు, అందులోనూ ముఖ్యంగా ఉద్రేక దశ అయిన మేనియా, తిరగబెట్టే ప్రమాదం బాగా పెరుగుతుందని దశాబ్దాల పరిశోధనలో తేలింది.

మనిషిని చూడకుండా, ఉత్తరం చదివి జబ్బు నిర్ధారించడం తగదు కాబట్టి మీ తమ్ముడికి ఫలానాదే ఉందని నేను చెప్పను. అయితే మీరు రాసిన క్రమాన్ని బట్టి చూస్తే ఇద్దరు డాక్టర్లూ తమ ముందున్న దానికి సరైన పేరే పెట్టి ఉండవచ్చు. మొదటి డాక్టరు ఎదుట కూర్చున్నది వారాల తరబడి కుంగిపోయి ఉన్న యువకుడు, రెండో డాక్టరు చూసినది నిద్ర లేకపోయినా అలసట ఎరుగని అదే యువకుడు. జ్వరం వచ్చిన మొదటి రోజు డాక్టరు జ్వరమనే అంటారు, నాలుగో రోజు ప్లేట్‌లెట్లు పడిపోయాక డెంగీ అంటారు. అంతమాత్రాన మొదటి రోజు మాట అబద్ధం కాదు. బైపోలార్ డిజార్డర్ చాలామందిలో కుంగుబాటుతోనే మొదలవుతుంది. ఉద్రేక దశ ఒక్కసారైనా బయటపడే వరకు దానిని మామూలు డిప్రెషన్ నుంచి వేరు చేయడం ఎంత అనుభవమున్న వైద్యుడికైనా కష్టం. అందువల్లనే ఎందరిలోనో అసలు జబ్బు పేరు తెలియడానికి ఏళ్లు పడుతోంది. మీ తమ్ముడి విషయంలో అది నెలల్లోనే తేలింది.

నాన్నగారి అసలు ప్రశ్న స్కానింగ్ గురించి. గుండెకు ఈసీజీ, ఎముకకు ఎక్స్‌రే ఉన్నట్టు డిప్రెషన్‌నో బైపోలార్ డిజార్డర్‌నో పట్టి చూపే రక్తపరీక్ష గానీ స్కాన్ గానీ ప్రపంచంలో ఎక్కడా ఇంకా లేదు. ‘బ్రెయిన్ మ్యాపింగ్’ చేసి మానసిక జబ్బు ఏదో కచ్చితంగా చెబుతామని ఎవరైనా అంటే ఆ ఖర్చు పెట్టుకోకండి. ఇలా అన్నంత మాత్రాన నిర్ధారణ ఊహ మీద నడుస్తోందని కాదు. దానికి రాసిపెట్టిన ప్రమాణాలున్నాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ వెలువరించే వ్యాధుల వర్గీకరణలో 11వ కూర్పు 2022 జనవరి నుంచి అమల్లో ఉంది. అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ తన ప్రమాణ గ్రంథం 5వ కూర్పును 2013లో తెచ్చింది. వీటి ప్రకారం డిప్రెషన్ అనాలంటే దిగులు లేదా దేనిమీదా ఆసక్తి లేకపోవడం, వాటితోపాటు నిద్ర, ఆకలి, ఏకాగ్రత, ఓపిక వంటి వాటిలో మార్పులు కనీసం రెండు వారాలపాటు దాదాపు ప్రతిరోజూ ఉండాలి. మేనియా అనాలంటే మితిమీరిన ఉత్సాహం లేదా చిరాకు, దానికి తోడు తరగని శక్తి కనీసం ఒక వారం పాటు కనిపించాలి. ఆసుపత్రిలో చేర్చక తప్పనంత తీవ్రంగా ఉంటే వారం కన్నా తక్కువైనా లెక్కలోకి వస్తుంది. నిద్ర అవసరం తగ్గడం, ఆగకుండా మాట్లాడటం, ఆలోచనలు పరుగెత్తడం, తనంతటివాడు లేడనుకోవడం, వెనకాముందు చూడకుండా డబ్బు ఖర్చు చేయడం వంటివి ఇందులో చూసే లక్షణాలు. మీ ఉత్తరంలో వీటిలో కొన్నింటిని మీకు తెలియకుండానే రాశారు.

అయినా పరీక్షలు అనవసరం కాదు. అవి ఇతర కారణాలు లేవని తేల్చుకోవడానికి పనికొస్తాయి. థైరాయిడ్ గ్రంథి మందకొడిగా పనిచేస్తే మనిషి కుంగిపోయినట్టు కనిపిస్తాడు, అతిగా పనిచేస్తే ఉద్రేకంగా ఉంటాడు. బి12 విటమిన్ లోపం, స్టెరాయిడ్ మందులు, గంజాయి, మద్యం కూడా ఇలాంటి రూపాలు చూపించగలవు. తలకు దెబ్బ తగలడం, మూర్ఛలు, ఒక పక్క బలహీనత వంటివి ఉన్నా, లేదా జబ్బు నడివయసు దాటాక మొదటిసారి వచ్చినా మెదడు స్కాన్ తీయిస్తారు. 25 ఏళ్ల వయసులో, అలాంటి గుర్తులేవీ లేనప్పుడు, స్కాన్ తీయకపోవడం నిర్లక్ష్యం కాదు. మీ నాన్నగారు మరో ప్రశ్న కూడా అడగవచ్చు: ‘మొదటి డాక్టరు ఇచ్చిన మాత్రల వల్లనే ఇలా అయిందేమో?’ డిప్రెషన్ మందు ఒంటరిగా వాడినప్పుడు, బైపోలార్ స్వభావం లోపల ఉన్నవారిలో మేనియా పైకి రావడం వైద్యులకు తెలిసిన విషయమే. మందు ప్రభావం శరీరం నుంచి పూర్తిగా పోయిన తర్వాత కూడా ఆ లక్షణాలు కొనసాగితే దానిని బైపోలార్‌గానే లెక్కిస్తారు. మందు ఆపాక ఆ ఉద్రేకం ఎన్నాళ్లు నిలిచిందో మీకు గుర్తుంటే తేదీలతో సహా డాక్టరుకు చెప్పండి.

ఇక్కడ మీరు చేయగలిగిన పని చాలా ఉంది, నా ఉద్దేశంలో స్కాన్ కన్నా అదే విలువైనది. కుంగుబాటులో ఉన్న మనిషిని ‘గతంలో ఎప్పుడైనా అతిగా ఉత్సాహంగా ఉన్నావా?’ అని అడిగితే తనకు జీవితంలో సంతోషమన్నదే లేదన్నట్టు మాట్లాడతాడు. ఉద్రేకంలో ఉన్నవాడు తనకు జబ్బే లేదంటాడు. ఇంట్లోవాళ్లు దిగులును జబ్బుగా గుర్తిస్తారు గానీ, హుషారును గుర్తించరు. ఇంజినీరింగ్ చదివే రోజుల్లో మీ తమ్ముడు ఓ పది రోజులు మూడు గంటలే పడుకొని, పొద్దున్నే తాజాగా లేచి, ఒకేసారి నాలుగు పనులు నెత్తిన వేసుకుని తిరిగి ఉంటే, మీ అమ్మగారు ‘మావాడు ఎంత చురుకో’ అని మురిసిపోయి ఉంటారు, అది డాక్టరుకు చెప్పాల్సిన సంగతి అని ఎవరికీ తోచి ఉండదు. కాబట్టి ఇంట్లో పెద్దవాళ్లతో కూర్చొని, పదిహేను పదహారేళ్ల వయసు నుంచి అతని జీవితాన్ని ఒక కాగితం మీద రాయండి. ఏ ఏడు ఏ నెలలో నిద్ర తగ్గింది, ఎప్పుడు ఖర్చులు హద్దు దాటాయి, ఎప్పుడు గదిలోంచి బయటికి రాలేదు, ఆ రోజుల్లో పరీక్షలు, ఉద్యోగ మార్పు, మద్యం వంటివి ఏమైనా ఉన్నాయా, ఏ మందు ఎప్పుడు మొదలై ఎప్పుడు ఆగింది అన్నవన్నీ వరుసగా ఉండాలి. రక్తసంబంధీకులలో ఎవరికైనా ఇలాంటి జబ్బు, ఆత్మహత్య, ‘ఇల్లు వదిలి తిరిగేవాడు’, ‘కొన్నాళ్లు మతి స్థిమితం తప్పింది’ అని గుసగుసగా చెప్పుకునే కథ ఉంటే దానిని కూడా దాచకండి, ఎందుకంటే ఈ జబ్బులో వంశపారంపర్యం పాత్ర గట్టిది, ఆ ఒక్క సంగతే డాక్టరు నిర్ధారణను ఒక వైపు మొగ్గేలా చేయగలదు. ఇదంతా మీ తమ్ముడికి తెలిసేలా, వీలైతే అతనితో కలిసే రాయండి. అతను పాతికేళ్ల మనిషి, తన గురించి తన వెనక జరిగే సమావేశాలు అతనిని వైద్యానికి దూరం చేస్తాయి.

ఇక లిథియం. మానసిక వైద్యంలో ఇంతకాలంగా నిలిచిన మందులు తక్కువ. ఆస్ట్రేలియా వైద్యుడు జాన్ కేడ్ 1949లో మేనియా రోగులలో దీని ప్రభావాన్ని ప్రకటించాడు, నేటికీ బైపోలార్ డిజార్డర్‌కు మొదటి వరుసలో ఉన్న మందు ఇదే. రెండు దశలనూ తిరిగి రాకుండా ఆపడంతోపాటు ఆత్మహత్య ప్రమాదాన్ని తగ్గించే గుణం కూడా దీనికి ఉంది. దీనికి అలవాటు పడిపోయి బానిస అవుతారన్నది అపోహ. అయితే ఇది జాగ్రత్తగా వాడవలసిన మందు. పనిచేసే మోతాదుకు, విషమించే మోతాదుకు మధ్య దూరం తక్కువ కావడమే అందుకు కారణం. సాధారణంగా రక్తంలో దీని స్థాయి లీటరుకు 0.6 నుంచి 1.0 మిల్లీ ఈక్వివలెంట్ల మధ్య ఉండేలా చూస్తారు, 1.5 దాటితే విషలక్షణాలు మొదలుకావచ్చు. స్థాయి చూసే రక్తాన్ని చివరి మాత్ర వేసుకున్న 12 గంటలకు ఇవ్వాలి. రాత్రి 9కి మాత్ర వేసుకుంటే ఉదయం 9కి రక్తం ఇచ్చి, ఉదయపు మాత్ర ఉంటే ఆ తర్వాతే వేసుకోవాలి. చాలామందికి ఈ సంగతి ఎవరూ చెప్పకపోవడంతో తప్పుడు అంకె వచ్చి మోతాదు అనవసరంగా మారుతోంది. మోతాదు కుదురుకున్నాక కూడా లిథియం స్థాయిని క్రమంగా చూపించుకుంటూ, దాదాపు ఆరు నెలలకోసారి కిడ్నీ, థైరాయిడ్, కాల్షియం పరీక్షలు చేయించాలి. స్కానింగ్ లేదని బాధపడుతున్న మీ నాన్నగారికి, ఈ జబ్బులో నిజంగా పట్టుబట్టి చేయించవలసిన పరీక్షలు ఇవేనని చెప్పండి.

హైదరాబాద్ ఎండాకాలంలో ఈ మందు వాడేవారికి ప్రత్యేక జాగ్రత్త కావాలి. ఒంట్లో నీరు, ఉప్పు తగ్గితే కిడ్నీలు లిథియంను బయటికి పంపకుండా పట్టి ఉంచుతాయి, రక్తంలో స్థాయి పెరిగిపోతుంది. వాంతులు, విరేచనాలు, విపరీతమైన చెమట, నీళ్లు ముట్టని ఉపవాసం, ఎవరో చెప్పారని ఉన్నట్టుండి ఉప్పు మానేయడం, అన్నీ ఇదే ప్రమాదానికి దారితీస్తాయి. ఒళ్లు నొప్పులకు మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ మాత్రలు కూడా స్థాయిని పెంచుతాయి కాబట్టి నొప్పికి, జ్వరానికి పారాసిటమాల్ వాడటం మేలు. కొన్ని బీపీ మందులకు కూడా ఇదే గుణం ఉంది. చేతులు సన్నగా వణకడం మామూలు మోతాదులో కూడా ఉండవచ్చు, కానీ వణుకు మొరటుగా మారినా, నడక తడబడినా, మాట ముద్దగా వచ్చినా, వాంతులు, విరేచనాలు పట్టుకున్నా తర్వాతి మాత్ర వేయకుండా వెంటనే అత్యవసర విభాగానికి తీసుకువెళ్లి లిథియం వాడుతున్నాడని మొదటి మాటగా చెప్పండి. డాక్టరును అడగకుండా మందు నిలిపివేయవలసిన సందర్భం ఇదొక్కటే.

జీవితాంతమా అన్నదానికి ఇవాళే అవుననో కాదనో చెప్పడం సరికాదు. మేనియా ఒక్కసారే వచ్చిన వారికి సాధారణంగా రెండేళ్లకు తగ్గకుండా మందు కొనసాగించి, ఆ తర్వాత ఎన్నిసార్లు, ఎంత తీవ్రంగా వచ్చింది, వంశంలో ఉందా, మందు ఎలా సరిపడుతోంది అన్నవి చూసి నిర్ణయిస్తారు. పదేపదే వచ్చేవారికి దీర్ఘకాలం అవసరమవుతుంది. ఎప్పుడు ఆపినా నెలల వ్యవధిలో కొద్దికొద్దిగా తగ్గించాలి. నాలుగు నెలలుగా బాగుండటం మందు పనిచేస్తోందనడానికి గుర్తు. దానినే మందు అవసరం లేదనడానికి ఆధారంగా తీసుకోవద్దని నాన్నగారికి నా మనవి. ఇంకో ముఖ్యమైన సంగతి: మొదటి డాక్టరు రాసిన డిప్రెషన్ మాత్రలు ఇంట్లో మిగిలి ఉంటే తీసివేయండి. రేపు అతను మళ్లీ నీరసంగా, దిగులుగా కనిపించినప్పుడు ‘అప్పుడు వీటితోనే లేచాడు కదా’ అని ఎవరో ఒకరు వాటిని ఇచ్చే అవకాశం ఉంది. మనఃస్థితిని నిలకడగా ఉంచే మందు తోడు లేకుండా వాటిని వాడటం ఈ జబ్బులో ప్రమాదకరం.

రాత్రి షిఫ్టు గురించి గట్టిగా చెప్పదలచుకున్నాను. నిద్ర చెదరడం మేనియాకు లక్షణమే కాక కారణం కూడా. వారం వారం మారే షిఫ్టులతో, పగటి వెలుతురులో అరకొర నిద్రతో గడిపే మనిషికి ఎంత మంచి మందు ఇచ్చినా ఆ మందుకు ఎదురీత తప్పదు. వైద్యుడి ధ్రువపత్రంతో పగటి షిఫ్టు అడగడం మొహమాటపడవలసిన విషయం కాదు. ఆ పత్రంలో జబ్బు పేరు రాయకుండా, ఆరోగ్య కారణాల వల్ల రాత్రి పని తగదని మాత్రమే రాయమని అడగవచ్చు. రోజూ ఒకే వేళకు లేవడం, తినడం, పడుకోవడం అన్నవి ఈ జబ్బు కోసం రూపొందిన మానసిక చికిత్సలలో ప్రధాన భాగం. జబ్బు తిరగబెట్టే ముందు కనిపించే గుర్తులను రోగి, కుటుంబం కలిసి నేర్చుకునే శిక్షణకు కూడా మంచి ఫలితాలున్నాయి. వీటి కోసం క్లినికల్ సైకాలజిస్టును కలవండి. వారు మందులు రాయరు, మందుల సంగతి సైకియాట్రిస్టుదే. రెండూ కలిసి నడవాలి. గుడికి, దర్గాకు వెళ్లి మొక్కుకుంటామంటే అభ్యంతరం లేదు, మందులు మానితేనే తాయెత్తు పనిచేస్తుందని చెప్పేవారి దగ్గరికి మాత్రం వెళ్లకండి.

‘ఎర్రగడ్డ’ అన్న పేరును మన ఊళ్లో తిట్టుగా వాడే అలవాటు ఎందరినో వైద్యానికి దూరం చేసింది. అక్కడున్నది ప్రభుత్వ మానసిక చికిత్సాలయం. ఉస్మానియా, గాంధీ ఆసుపత్రులలో కూడా మానసిక వైద్య విభాగాలున్నాయి. ప్రైవేటు ఖర్చు భారమైతే మందులు ఆపడానికి బదులు అక్కడికి వెళ్లండి. జాతీయ మానసిక ఆరోగ్య సర్వే 2015–16లో 12 రాష్ట్రాలలో చూసినప్పుడు, బైపోలార్ డిజార్డర్ ఉన్నవారిలో దాదాపు 70 శాతం మందికి చికిత్సే అందడం లేదని తేలింది. ఒకసారి పేరు పడితే అది జీవితాంతం వెంటాడుతుందన్న భయం నాన్నగారికి ఉంటే, 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం గురించి చెప్పండి. ఆ చట్టం 3వ సెక్షన్ ప్రకారం మానసిక జబ్బును గుర్తింపు పొందిన వైద్య ప్రమాణాలతోనే నిర్ధారించాలి, ఒకప్పుడు చికిత్స తీసుకున్నంత మాత్రాన ఇప్పుడు జబ్బు ఉందని తేల్చడానికి వీల్లేదు. వైద్య వివరాల గోప్యతకు, తన రికార్డులను తాను చూసుకోవడానికి మీ తమ్ముడికి హక్కుంది. ఆరోగ్య బీమాలో శరీర వ్యాధులతో సమానంగా మానసిక వ్యాధులను చూడాలన్న నిబంధన కూడా అందులోనే ఉంది.

పెళ్లి విషయంలో మీ మేనత్తగారికి మీరే చెప్పాలి. పెళ్లి ఏ మానసిక జబ్బుకూ మందు కాదు. పెళ్లి హడావుడిలో పోయే నిద్ర, అలసట, ఖర్చుల ఒత్తిడి జబ్బును తిరగదోడగలవు. ఈ జబ్బు ఉన్నవారు పెళ్లి చేసుకోకూడదని నేను అనడం లేదు, మందులతో నిలకడగా ఉంటూ చక్కగా సంసారం చేసుకునేవారు ఎందరో ఉన్నారు. అయితే మీ తమ్ముడు కనీసం ఒక ఏడాది పాటు స్థిరంగా ఉండాలి, పెళ్లి కోరిక అతనిదై ఉండాలి, అమ్మాయికి ముందే తెలియాలి. చెప్పకుండా చేస్తే అతను భార్య ముందు మాత్ర వేసుకోలేక దొంగచాటుగా మానేస్తాడు, జబ్బు తిరగబెడుతుంది. ముఖ్యమైన విషయాన్ని దాచి పొందిన సమ్మతి మీద జరిగిన పెళ్లిని రద్దు చేయమని కోరే వీలు హిందూ వివాహ చట్టంలో ఉంది. అన్నిటికీ మించి, అది ఆ అమ్మాయికి చేసే అన్యాయం.

అతను ఎప్పుడైనా చావు గురించి మాట్లాడినా, వస్తువులు పంచిపెట్టినా, అందరికీ వీడ్కోలు చెబుతున్నట్టు ప్రవర్తించినా ఒంటరిగా వదలకండి. మాత్రలన్నీ మీ దగ్గర పెట్టుకుని ఏ పూటకాపూట ఇవ్వండి, అదే రోజు డాక్టరుకు చూపించండి. రాత్రివేళ ఏం చేయాలో తోచకపోతే కేంద్ర ప్రభుత్వ టెలీ మానస్ నంబరు 14416కు ఫోన్ చేయండి. 2022 అక్టోబరులో మొదలైన ఈ ఉచిత సేవ 24 గంటలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడవచ్చు.

ఈసారి డాక్టరు దగ్గరికి నాన్నగారిని కూడా వెంటబెట్టుకుని వెళ్లండి. మీ మాట మీద కన్నా ఆయన స్వయంగా అడిగి తెలుసుకున్న దాని మీద ఆయనకు నమ్మకం కలుగుతుంది. ఏ లక్షణాలను బట్టి బైపోలార్ అని నిర్ధారించారు, డిప్రెషన్ మందు ఆపాక కూడా ఉద్రేకం కొనసాగిందా లేదా అన్నది లెక్కలోకి తీసుకున్నారా, చివరి లిథియం స్థాయి ఎంత, మళ్లీ ఎప్పుడు చూపించాలి, మందు గురించి తిరిగి ఆలోచించేది ఎప్పుడు అన్నవి ఆయననే అడగనివ్వండి. ఆ జవాబులు ఆయనకు తృప్తి కలిగించకపోతే మూడో డాక్టరు అభిప్రాయం తీసుకోవడంలో తప్పు లేదు, ఆ వ్యవధిలో మందు ఆగకుండా చూడండి. మీరు రాసిన కాగితం, మొదటి డాక్టరు మందుల చీటీ, ఇప్పటిదాకా చేయించిన రక్తపరీక్షల రిపోర్టులు ఒకే ఫైలులో పెట్టి తీసుకువెళ్లండి.